ఇంటి కరెంటుకును ఒక అడంగలు కావలెను

మన గ్రామములలో పొలమునకు లెక్క ఉన్నది. ఏ సర్వే నంబరులో ఎవరు, ఏ పంట, ఎన్ని ఎకరములు వేసిరో అడంగలు చూచి చెప్పవచ్చును. కరణముల ఉద్యోగములు 1984లో రద్దయినను ఆ లెక్క రద్దు కాలేదు. అది చేతులు మారినది, కాగితము నుండి కంప్యూటరుకు మారినది, అంతే. గేదె పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చుచున్నదో ఇల్లాలికి తెలియును. బస్తా వేరుసెనగకు ఎంత పప్పు దిగునో రైతుకు తెలియును. కాని ఏ రైతు సమావేశములోనైనను "మీ ఇంట నెలకు ఎన్ని యూనిట్లు కాలుచున్నవి?" అని అడిగి చూడుడు. "మొన్న నాలుగు వందలు వచ్చినది, అంతకుముందు మూడు వందల ఏబది" అని రూపాయలు చెప్పుదురే గాని, యూనిట్లు చెప్పువారు అరుదు. ఆ యూనిట్లలో ఫ్యాను పాలెంత, ఫ్రిజ్ పాలెంత, కొట్టములో తెల్లవార్లు వెలుగు దీపము పాలెంత అని అడిగినచో జవాబే ఉండదు.

వ్యవసాయాధికారికి ఇంటి కరెంటుతో పని ఏమని మీరు అడుగవచ్చును. మన అనంతపురము పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతము రమారమి 550 మిల్లీమీటర్లు. అదియును ఒక ఏడు ఎక్కువ, మూడేండ్లు తక్కువ. వేరుసెనగ ఊడలు దిగు వేళ వాన మొగము చాటువేసిన ఏట, రైతు చేతికి రొక్కము వచ్చు దారులు మూడే: పాలు, గొఱ్ఱెలు, కూలి. అట్టి కరవు ఏట కూడ ఆగని ఖర్చులలో కరెంటు బిల్లు ఒకటి. వాన రాకున్నను బిల్లు వచ్చును. ఎరువుకు, విత్తనమునకు ఎంత పెట్టుదుమో కూడుకొని చూచు రైతు ఇంటి ఖర్చులో ఈ ఒక్క పద్దును చూడకుండ వదలుట సేద్యపు లెక్కకే లోపము.

కాబట్టి నా అభిప్రాయము ఇది. ప్రతి గ్రామములోను ఇంటి ఇంధనపు లెక్క కట్టుట నేర్చిన వారు ఇద్దరైనను ఉండవలెను. వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. ఈ చదువు పట్టణపు కళాశాలలలో ఆగిపోక ఊరికి దిగి రావలెను.

చదువు ఉన్నది, ఊరికి చేరవలెను

"ఆడిటు" అనగానే పంచాయతి లెక్కలలో తప్పులు పట్టువారు మనకు గుర్తుకు వత్తురు. ఇంధన ఆడిటు అట్టిది కాదు. ఎంత ఇంధనము లోనికి వచ్చినది, ఏ పనికి ఎంత పోయినది, ఎంత వృథా అయినది, ఆ వృథాను ఆపుటకు ఎంత ఖర్చగును, ఆ ఖర్చు ఎన్నాళ్లకు తిరిగి వచ్చును అని చూపు లెక్క అది.

మన దేశములో ఈ విద్యకు చట్టపు పునాది కలదు. ఇంధన పొదుపు చట్టము 2001లో వచ్చినది. దానిని అమలు జరుపుటకు కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2002 మార్చి 1న ఏర్పడినది. సిమెంటు, ఉక్కు, ఎరువుల కర్మాగారముల వంటి పెద్ద వాడకముదారులు అర్హత పొందిన ఆడిటర్లచేత లెక్క చూపించుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ ఆడిటర్లకు జాతీయ పరీక్ష కలదు. అది ఇంజనీరింగు చదివి, పనిలో అనుభవము గడించిన వారి కొరకు ఏర్పడినది.

ఇండ్ల కొరకు వేరుగా ఒక శిక్షణ 2021 డిసెంబరులో ఇంధన పొదుపు వారోత్సవముల సందర్భమున ఆ బ్యూరో చేతనే ఆరంభమైనది. ఇంజనీరింగు, డిప్లొమా విద్యార్థులను గృహ ఇంధన ఆడిటర్లుగా తయారుచేయుట దాని ఉద్దేశము. ఇది మెచ్చదగిన పని. అయితే పట్టణపు ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. పట్టణపు ఇంట ఏసీ, గీజరు, వాషింగు మెషీను చూచిన లెక్క చాలవరకు ముగియును. మన ఇంట సగము లెక్క వాకిటి బయట ఉన్నది. గొడ్ల కొట్టములో దీపము, గడ్డి కోయు యంత్రము, తొట్టికి నీరు ఎక్కించు చిన్న మోటారు, పొయ్యిలో కంది కట్టె, గ్యాసు బండ, ఎండకు పెనమువలె కాలు రేకుల కప్పు, ఇవన్నియు కలిసి మన ఇంటి ఇంధనము. వీనిని ఎరిగినవాడే ఇచ్చట ఆడిటరు కాగలడు.

మెట్లలో ఉన్న మర్మము

"నెలకు పది, ఇరవై యూనిట్లు తగ్గినచో ఏమి కలిసి వచ్చును?" అని కొందరందురు. బిల్లు కట్టు పద్ధతి తెలియక అను మాట ఇది. 2022-23 ధరల ఉత్తర్వు ప్రకారము ఇండ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిటు ధర 1 రూపాయి 90 పైసలు. 31 నుండి 75 వరకు 3 రూపాయలు. 76 నుండి 125 వరకు 4 రూపాయల 50 పైసలు. 126 నుండి 225 వరకు 6 రూపాయలు. ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ధరలు ఎప్పటికైనను మారవచ్చును. మెట్ల పద్ధతిని మాత్రము మనము గ్రహింపవలెను.

ఒక ఇంట నెలకు 140 యూనిట్లు కాలినవనుకొందము. ఈ ధరలతో యూనిట్ల వెల 507 రూపాయలగును. స్థిర రుసుము, సుంకము, సర్దుబాటు మొత్తములు దీనిపై వేరు. అదే ఇంట 100 యూనిట్లే కాలినచో వెల 304 రూపాయల 50 పైసలు. అనగా వాడకము పదింట మూడు పాళ్లకు లోపుగా తగ్గగా, యూనిట్ల వెల పదింట నాలుగు పాళ్లు తగ్గినది. ఏలయన, మనము మిగిల్చిన యూనిట్లు ఎల్లప్పుడు పై మెట్టువి. వృథా అయిన యూనిటు బిల్లులో అన్నిటికంటె ఖరీదయిన యూనిటు.

మూడు వందల గడపల ఊరిలో ఇంటికి నెలకు నూరు రూపాయలు మిగిలినవనుకొనుడు. ఏడాదికి ఊరిలో నిలుచు రొక్కము 3 లక్షల 60 వేలు. కరవు ఏట ఆ రొక్కము విత్తనమునకు, పశుగ్రాసమునకు ఎంత అక్కరకు వచ్చునో మీకు చెప్పనక్కర లేదు.

శిక్షణలో ఏమి నేర్పవలెను

మొదటి పాఠము మీటరు. ఎలక్ట్రానిక్ మీటరుపై చిన్న ఎఱ్ఱ దీపము మిణుకు మిణుకుమనుట మీరు చూచియుందురు. ఆ దీపము యూనిటుకు ఎన్నిసార్లు మిణుకుమనునో మీటరు మీదనే అచ్చువేసి యుండును. 3200 అని ఉన్నదనుకొనుడు. అట్టి మీటరు ఆరు నిమిషములలో 32 సార్లు మిణుకుమనినచో ఆ సమయమున ఇంట 100 వాట్లు నడచుచున్నవని అర్థము. 48 సార్లయిన 150 వాట్లు. గడియారము, ఒక కాగితము తప్ప వేరు పరికరము అక్కరలేదు. ఒక్కొక్క సామానును విడిగా నడిపి ఈ విధముగ లెక్కించినచో దేని పాలెంతో ఇంటివారి కండ్ల ఎదుటనే తేలును. ఫ్రిజ్ మాత్రము ఆగి ఆగి నడచును గనుక దానికి కొన్ని నిమిషముల లెక్క చాలదు, ఒక దినపు లెక్క కావలెను.

రెండవ పాఠము కారుట. ఇంట స్విచ్చులన్నియు ఆపి, ప్లగ్గులన్నియు ఊడదీసిన పిమ్మటను ఎఱ్ఱ దీపము మిణుకుమనుచున్నచో, ఎక్కడనో తీగ కారుచున్నది, లేక మరచిన వాడకము ఒకటి ఉన్నది. ఇచ్చట ఆడిటరు నేర్వవలసిన ముఖ్యవిషయము తన హద్దు. అతడు తీగ విప్పరాదు, మీటరు ముట్టరాదు, స్తంభము ఎక్కరాదు. ఎలక్ట్రీషియనుకో, లైన్‌మనుకో చెప్పించి అంతటితో ఊరుకొనవలెను. ఎర్తు గుంటను మాత్రము తప్పక అడుగవలెను. మన నేల వేసవిలో ఎండి రాయివలె అగును. ఎండిన నేలలో ఎర్తు సరిగా పనిచేయదు. ఆ గుంటలో అప్పుడప్పుడు నీరు పోయుట బిల్లు తగ్గించు పని కాదు, ప్రాణము కాపాడు పని.

మూడవ పాఠము విచక్షణ. ఇది అన్నిటికంటె కష్టమైనది. పాత సీలింగు ఫ్యాను రమారమి 75 వాట్లు తీయును. కొత్తరకము ఫ్యాను రమారమి 30 వాట్లు. దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 16 యూనిట్లు మిగులును. కొత్త ఫ్యాను మూడువేల రూపాయలని అనుకొని, ఏటికి ఎనిమిది నెలలు ఆ విధముగ తిరుగునని లెక్క వేయుడు. నెలకు 140 యూనిట్లు వాడు ఇంట ఆ మిగులు నెలకు 95 రూపాయలు, పెట్టుబడి నాలుగేండ్లలో తిరిగి వచ్చును. నెలకు 60 యూనిట్లే వాడు ఇంట అదే మిగులు 49 రూపాయలు, పెట్టుబడి తిరిగి వచ్చుటకు ఏడేండ్లు దాటును. మొదటి ఇంట "మార్చుడు" అనుట, రెండవ ఇంట "ఇది చెడిపోయిన నాడు చూచుకొనుడు" అనుట ఆడిటరు పని. అన్ని ఇండ్లకు ఒకే మందు వ్రాసి ఇచ్చువాడు వైద్యుడు కానట్లే, అన్ని ఇండ్లకు ఒకే సలహా ఇచ్చువాడు ఆడిటరు కాడు. ఇక కొట్టములో పాత 60 వాట్ల బుడ్డి రాత్రికి పది గంటలు వెలిగినచో నెలకు 18 యూనిట్లు. దాని చోట 9 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టినచో 3 యూనిట్లకు లోపు. ఈ మార్పు ఏ ఇంటనైనను రేపటికి వాయిదా వేయదగినది కాదు.

నాలుగవ పాఠము కప్పు. అమెరికాలో 1973 చమురు కొరత పిమ్మట, 1976లో పేదల ఇండ్ల కొరకు ఒక పథకము పెట్టిరి. ఆడిటరు ముందుగా ఇల్లంతయు చూచి, వేడి ఏ సందునుండి బయటకు పోవుచున్నదో కనుగొనిన తరువాతనే పని మొదలుపెట్టుదురు. వారి బాధ చలి, మన బాధ ఎండ. అయినను ఇంటి కప్పును, గోడను చూచినగాని ఇంధనపు లెక్క తెగదన్న సూత్రము ఒక్కటే. మన పాత మట్టి మిద్దె వేసవిలో చల్లగా ఉండెడిది. రేకుల ఇల్లు, పలుచని కాంక్రీటు కప్పు మధ్యాహ్నమునకు నిప్పులు చెరుగును, ఫ్యాను ఆ వేడి గాలినే త్రిప్పును. కప్పుపై తెల్లని పూత ఎండను వెనుకకు త్రిప్పికొట్టి ఇంటిలోని వేడిని తగ్గించును. తెలంగాణ రాష్ట్రము 2023లో చల్లని కప్పుల కొరకు ప్రత్యేక విధానమునే ప్రకటించినది. ఉగాదికి గోడలకు సున్నము కొట్టు చేయి మిద్దెపైకి కూడ ఎక్కినచో మనకును ఆ మేలు దక్కును.

ఐదవ పాఠము పొయ్యి. వంటింటిలో అడుగుపెట్టని ఆడిటరు సగము ఇల్లే చూచినవాడు. గ్యాసు ఉన్న ఇంటనే నీళ్లు కాచుటకు, దాణా ఉడికించుటకు కంది కట్టెయో, తుమ్మ కంపయో మండుచుండును. మూత పెట్టి వండుట, పప్పు నానబెట్టి కుక్కరులో పెట్టుట, స్నానపు నీటి కుండను ఎండలో ఉంచుట, ఇవి చిన్న సంగతులే. కాని కట్టె మోయు నడుము, పొగ పీల్చు ఊపిరి ఇల్లాలివి. ఆ శ్రమయును లెక్కలో వ్రాయవలెను. ఇందువలననే ఆడిటర్లలో స్త్రీలు తప్పక ఉండవలెనంటిని. పొదుపు సంఘములలో నెలనెల పద్దులు వ్రాయు స్త్రీలకు కూడికలు, తీసివేతలు కొత్త కావు. వంటింటి తలుపు వారికి మూసియుండదు.

ఎవరికి నేర్పవలెను, ఎవరికి వలదు

పదవ తరగతి గాని, ఐ.టి.ఐ. గాని చదివి ఊరిలో ఉన్న యువకులు, పొదుపు సంఘపు పద్దులు వ్రాయు స్త్రీలు ఈ పనికి తగినవారు. పది పండ్రెండు దినముల శిక్షణ, ఆపై తన స్వంత ఇంటిలో మూడు నెలల లెక్క, అటుపిమ్మట పది ఇండ్లలో పెద్దల ఎదుట పరీక్ష, ఇంత జరిగినగాని యోగ్యతా పత్రము ఇవ్వరాదని నా సూచన. తన ఇంటి లెక్క వ్రాయనివాడు పొరుగింటి లెక్క వ్రాయజాలడు.

ఇద్దరు మాత్రము ఈ పనికి తగరు. మొదటివాడు సరకు అమ్మువాడు. ఫ్యాను అమ్మినచో లాభము వచ్చువాడు ప్రతి ఇంట ఫ్యానునే మార్చమనును. రెండవవాడు బిల్లు వసూలు చేయు సంస్థ పక్షమున వచ్చువాడు. మన గ్రామ సచివాలయములకు 2019 నుండి ఎనర్జీ అసిస్టెంట్లు వచ్చియున్నారు. ఈ పని వారికే అప్పగించవచ్చును గదా అని కొందరు అందురు. వారి తోడ్పాటు లేక ఈ పని సాగదు. తీగ కారుచున్నదన్నను, ఓల్టేజి పడినదన్నను పిలువవలసినది వారినే. కాని స్తంభములు, తీగలు, ఫ్యూజులు, ఫిర్యాదులు ఇప్పటికే వారి నెత్తిన ఉన్నవి. అంతేకాక విద్యుత్ సంస్థ మనిషి లోనికి వచ్చి సామాను ఎంచుచున్నాడనిన, కట్టవలసినది సక్రమముగా కట్టు ఇంటివారు కూడ సంకోచింతురు. ఆడిటరు చూచినది ఆ ఇంటి గడప దాటరాదు. ఎవరైన తీగకు కొక్కెము తగిలించి యుండుట కండ్లబడినచో, అందలి ప్రమాదమును, దండనను చెప్పి మాన్పుట వరకే అతని ధర్మము కావలెను. పట్టించువాడని పేరు పడిన నాటినుండి ఏ ఇంటి తలుపును అతనికి తెరుచుకొనదు.

ఫలితమును బట్టి కూలి ఇచ్చుట కూడ మంచిది కాదు. ఇంటికి ఇంత అని ఒకే రుసుము ఉండవలెను, అది గ్రామ సంఘము ద్వారా ముట్టవలెను. వృథా దొరికినను దొరకకున్నను కూలి ఒక్కటే అయినప్పుడు, లేని వృథాను చూపవలసిన అవసరము ఉండదు. నెలకు 40 యూనిట్లు వాడు పేద ఇంట మిగిల్చుటకు ఏమియు ఉండదు. ఆ మాట నిజాయితీగా చెప్పి లేచి రావలెను. అట్టి ఇంట వృద్ధులు ఉక్కపోతకు అలమటించుచున్నచో, ఇంకొక ఫ్యాను కావలెనని చెప్పుటయు ఆడిటే. పొదుపు అనగా చీకటిలో కూర్చుండుట కాదు.

నీటి లెక్క నేర్చిన నేల ఇది

పల్లె జనులకు కొలతలు, లెక్కలు ఎక్కడ పట్టుబడునని సందేహించువారు మన జిల్లా చరిత్రను చూడవలెను. 2000 దశకములో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే నిర్వహించు భూగర్భజల పథకమొకటి ఏడు కరవు జిల్లాలలో నడచినది. అందులో అనంతపురము ఒకటి. రైతులు, స్త్రీలు తమ బోర్లలో నీటి మట్టమును తామే కొలిచిరి. వర్షమాపకమును తామే చూచిరి. రబీకి ముందు ఊరివారు ఒకచోట కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని నీటి బడ్జెట్టు వేసిరి. ఏ పంట వేయవలెనో ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క గోడమీద వ్రాసి ఉండగా, వరి తగ్గించి ఆరుతడి పంట వేయు నిర్ణయము రైతే చేసికొనెను.

కంటికి కానరాని భూగర్భజలమునకు లెక్క కట్టినవారికి, ఎదుట మిణుకుమను మీటరు లెక్క కష్టము కాదు. ఆ పథకమునుండి మనము నేర్వవలసినవి మూడు: కొలత ఊరివారి చేతిలో ఉండవలెను. లెక్క దాచరాదు. నిర్ణయము ఇంటివారికే వదలవలెను. అయితే ఒక భేదము పాటింపవలెను. నీరు ఊరి ఉమ్మడి సొత్తు గనుక దాని లెక్క గోడకెక్కినది. ఇంటి కరెంటు లెక్క ఇంటివారికి మాత్రమే తెరిచియుండవలెను, గోడపై ఊరి మొత్తమును వ్రాసిన చాలును.

మోటారు సంగతి

ఇచ్చట మీలో కొందరు గట్టి ఆక్షేపణ చేయుదురు. "అయ్యా, అయిదు గుర్రపు శక్తి మోటారు గంటకు రమారమి 5 యూనిట్లు తీయును. తొమ్మిది గంటలు నడచినచో 45 యూనిట్లు. మా ఇంటి నెల వాడకము మోటారుకు రెండు మూడు దినముల మాట. మోటారును వదలి ఇంట్లో బుడ్డీలు ఎంచుట దేనికి?" ఈ ఆక్షేపణ సరియైనదే. 1000 లీటర్ల నీటిని 100 మీటర్లు పైకెత్తుటకు, ఏ నష్టమును లేకున్నను, 0.27 యూనిటు కావలెను. పాత మోటారు, ఇరుకు పైపుల నష్టములతో అది రెండింతలు దాటవచ్చును. నీరు 200 మీటర్లకు దిగినచో మరల రెండింతలు. మన పీఠభూమిలో కరెంటు లెక్కయు నీటి లెక్కయు వేరు కావు.

కాని 2004 నుండి సేద్యపు కరెంటు ఉచితము. బిల్లు లేనిచోట లెక్క మొదట నేర్చుకొనుట కష్టము. బిల్లు వచ్చు ఇంట నేర్చిన కన్ను తరువాత బోరు వద్దకు తానే పోవును. ఉచితమైనను రైతుకు నష్టము లేకపోలేదు. కరెంటు ఉండు గంటలు లెక్కబెట్టినవి. ఆ గంటలలో చెడ్డ మోటారు తక్కువ నీరు తోడును, వైండింగు కాలినచో రిపేరు ఖర్చు రైతుదే, ఎండిన పైరు రైతుదే. ఉచిత విద్యుత్తునకు 2005లో పెట్టిన షరతులలో కెపాసిటరు ఒకటి. వస్తువు బిగించుట ఒక దినపు పని. అది పనిచేయుచున్నదో లేదో ఏటేట చూచుట ఊరిలో ఉన్నవాడు చేయవలసిన పని. డ్రమ్ము నిండుటకు ఎన్ని సెకండ్లు పట్టినదో జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి వ్రాసి ఉంచినచో, దిగినది నీరా, అరిగినది మోటారా అని తెలిసికొనుటకు తొలి ఆధారము దొరకును.

సూర్యశక్తి పలకలకును ఇదే నీతి. ఎన్.పి. కుంటలో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సూర్యవిద్యుత్ కేంద్రము 2016లో పూర్తయినది. రామగిరి కొండలపై గాలిమరలు 1990 దశకములోనే తిరిగినవి. ఎండ, గాలి మనకు పంటతో సమానమైన సంపదలని దేశము గుర్తించినది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన సూర్యఘర్ పథకము వలన ఇంటి కప్పుపై పలకలకును సహాయము దొరకుచున్నది. ఒక కిలోవాటు పలకలు మంచి ఎండలో దినమునకు రమారమి 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇచ్చును. నెలకు 140 యూనిట్లు వృథాతో కలిపి వాడు ఇల్లు రెండు కిలోవాట్లు కొనజూచును. వృథా ఆపి 100కు దిగిన ఇంటికి ఒకటి చాలును. బావి త్రవ్వకముందే కాలువ గండి పూడ్చవలెను. కాబట్టి పలకల దరఖాస్తుకు ముందు ఇంటి లెక్క పూర్తి కావలెను.

ఇప్పుడు చేయవలసినది

గ్రామాధికారులకు నా మనవి. డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినము. ఆ నాడు ఉపన్యాసములతో సరిపుచ్చక, పాఠశాలలోనో, రైతు సేవా కేంద్రములోనో ఒక మీటరు ఎదుట పదిమందిని కూర్చుండబెట్టి, మిణుకులు లెక్కించుట నేర్పించుడు. ఐ.టి.ఐ. బోధకులను పిలిపించుడు. సంఘపు పద్దులు వ్రాయు స్త్రీలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. ఊరినుండి ఇద్దరి పేర్లు శిక్షణకు ఎంపిక చేసి మండలమునకు పంపుడు. అడిగిన ఊళ్లు పెరిగినగాని ఈ చదువు పట్టణము దాటి రాదు.

రైతు సోదరులారా, ఆడిటరు వచ్చువరకు మీరు వేచియుండనక్కర లేదు. ఈ నెల ఒకటవ తేదీన మీటరులోని అంకెను గోడ క్యాలెండరుపై వ్రాయుడు. వచ్చే నెల అదే తేదీన మరల వ్రాసి, మొదటి దానిని తీసివేయుడు. మే నెలను ఏప్రిలుతో పోల్చవలదు, నిరుటి మేతో పోల్చుడు. ఎండ మారినచో ఫ్యాను మారును, ఫ్యాను మారినచో లెక్క మారును. పండ్రెండు అంకెలు చేరిన నాడు మీ ఇంటి కరెంటుకు తొలి అడంగలు సిద్ధమైనట్లే. మీ ఊరికి శిక్షణ పొందిన ఆడిటరు వచ్చినప్పుడు ఆ క్యాలెండరును ముందుగా అతని చేతికిండు. పని అక్కడనుండి మొదలగును.